కాన్పులో తల్లి ప్రాణం మీదికి ఎందుకొస్తుంది? మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదోని వైపు పల్లెల్లో, తర్వాత కర్నూలులో, లేబర్ రూముల్లో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేశాను. రిటైరయ్యాక కూడా ఫోన్లు ఆగలేదు. కోడలికి కాళ్లు వాచాయనో, కూతురికి రక్తం ఏడే ఉందన్నారనో, పక్కింటామెకు కాన్పయిన మూడో రోజు చలిజ్వరం వచ్చిందనో అడుగుతుంటారు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇది చదివి మందులు మీరే వేసుకోవద్దు. ఎప్పుడు బండెక్కాలో తెలుసుకోవడానికి పనికొస్తే చాలు.

ఈ కాలంలో కూడా కాన్పులో ఆడవాళ్లు చనిపోతున్నారా?

చనిపోతున్నారు. తగ్గింది, చాలా తగ్గింది, అది ఒప్పుకోవాలి. 2004-06లో దేశం మొత్తమ్మీద లక్షమంది బిడ్డలు ప్రాణంతో పుడితే 254 మంది తల్లులు పోయేవాళ్లు. 2018-20 లెక్కకు అది 97కి దిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో అదే లెక్క 45, కేరళలో 19. రెండూ దక్షిణాది రాష్ట్రాలే, అవే మందులు, అవే చదువులు చదివిన డాక్టర్లు, అయినా లక్షకు 26 మంది తల్లుల తేడా. ఆ 26 మందీ బతకాల్సినవాళ్లే అని నా లెక్క.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అంటే ఇంట్లో మంత్రసాని చేతుల మీద కాన్పు అనే పాత భయం దాదాపు పోయినట్టే. మరి ఆస్పత్రికి వచ్చినా ఎందుకు పోతున్నారు? ఎక్కువసార్లు జవాబు ఒకటే: ఆలస్యంగా రావడం, లేదా బిడ్డ పుట్టగానే అయిపోయిందనుకుని తల్లి మీద నుంచి కళ్లు తీసేయడం.

ప్రసూతి మరణం అంటే కాన్పు బల్ల మీద చనిపోవడమేనా?

కాదు. కడుపుతో ఉన్నప్పుడు గానీ, కాన్పయ్యాక గానీ, గర్భం పోయాక గానీ 42 రోజుల్లోపు, ఆ గర్భం వల్లనో, గర్భం వల్ల ముదిరిన జబ్బు వల్లనో చనిపోతే దాన్ని ప్రసూతి మరణం అంటారు. రోడ్డు ప్రమాదం లాంటివి ఇందులోకి రావు. గర్భం సంచిలో కాకుండా పక్కనున్న ట్యూబులో నిలిచి రెండో నెలలో అది పగిలి చనిపోయినా ప్రసూతి మరణమే, కాన్పయిన నెలరోజులకు పుట్టింట్లో ఫిట్స్ వచ్చి పోయినా ప్రసూతి మరణమే. ఆ 42 అంకె గుర్తు పెట్టుకోండి. మనవాళ్లు పురుటి స్నానం పదకొండో రోజు చేయించి ఊపిరి పీల్చుకుంటారు, ఒంటికి మాత్రం ఇంకా నెల బాకీ ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా దేనివల్ల పోతారు?

రక్తం పోవడం వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూస్తే మొత్తం ప్రసూతి మరణాల్లో నాలుగో వంతుకు పైగా రక్తస్రావమే. తర్వాత బీపీ, ఫిట్స్. ఆ తర్వాత చీము పట్టడం, అంటే ఇన్ఫెక్షన్. తర్వాత సరిగా జరగని గర్భస్రావాలు. ఇవికాక ముందునుంచీ ఉన్న గుండెజబ్బు, రక్తహీనత, షుగర్ లాంటివి గర్భంతో ముదిరి తీసుకుపోయేవి ఇంకో నాలుగో వంతు దాకా ఉంటాయి. అన్నిటికంటే తొందరగా చంపేది కూడా రక్తస్రావమే. ఇన్ఫెక్షన్ రోజులు ఇస్తుంది, బీపీ ఒకటి రెండు రోజులు ఇస్తుంది, కాన్పు తర్వాత రక్తం విరిగి పడితే మాత్రం రెండు గంటల్లోనే మనిషి పోవచ్చు.

అంత రక్తం అంత తొందరగా ఎలా పోతుంది?

నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వస్తూ పోతూ ఉంటుంది. బిడ్డకు తిండీ గాలీ అందేది దాంతోనే. మాయ ఊడి వచ్చాక అది అంటుకున్న చోట రక్తనాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూసేది కుట్లూ కాదు, మందూ కాదు, గర్భసంచి తన కండను తానే బిగించుకోవడం. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. అది మెత్తగా, పిసికిన పిండిలా తగిలిందంటే లోపల కుళాయి తెరిచినట్టే. కాన్పు తర్వాత రక్తస్రావాల్లో నూటికి డెబ్బై, ఎనభై ఇలా గర్భసంచి బిగుసుకోకనే వస్తాయి. మిగతావి మాయ ముక్క లోపల ఉండిపోవడం, కింద చీరుకుపోవడం, రక్తం గడ్డకట్టే గుణం పోవడం.

ఎవరికి బిగుసుకోదు? కవలలు, ఉమ్మనీరు ఎక్కువై సంచి బాగా సాగినవాళ్లకు, రెండు రోజులు నొప్పులు పడి అలసిపోయినవాళ్లకు, నాలుగైదు కాన్పులైనవాళ్లకు, పోయిన కాన్పులో ఇలాగే అయినవాళ్లకు. ఇవేవీ లేని తొలిచూలు పిల్లకు కూడా కావచ్చు. అందుకే నాకు లో రిస్క్ అన్నారు, భయం లేదు అన్న మాటను నేను నమ్మను.

ఇంట్లోవాళ్లకు, పక్కన కూచున్న తోడుకు ఎలా తెలుస్తుంది ఎక్కువ పోతోందని?

ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ నేనే ఒకసారి దెబ్బతిన్నాను.

మా చెల్లెలి కాన్పు ఒక చిన్న నర్సింగ్ హోములో అయింది. ఆ రోజు నేను డ్యూటీలో లేను, అక్కగా వెళ్లాను. ఆడబిడ్డ, మూడు కిలోలు. అందరం బిడ్డ చుట్టూ చేరాం, ముక్కు ఎవరిదని వాదన. చెల్లెలు ఒకసారి 'అక్కా, చలేస్తోంది' అంది, దుప్పటి కప్పాను. ఇంకాసేపటికి 'నీళ్లు ఇవ్వక్కా, నోరు ఎండుతోంది' అంది, ఇచ్చాను. మీద వేసిన గుడ్డ చూస్తే తెల్లగానే ఉంది. మంచం కింద ఏదో టప్ టప్ అని వినిపించి వంగి చూస్తే రెక్సిన్ పరుపు మీదుగా నడుము కిందనుంచి జారి, కాళ్ల వైపు మూలనుంచి నేల మీద మడుగు కట్టింది. పైనుంచి ఒక్క చుక్క కనపడలేదు. చలి, దాహం, ఆవలింతలు, అదేపనిగా అటూ ఇటూ కదలడం, అన్నీ నాకు చదువుకున్న గుర్తులే. బిడ్డ చేతిలో ఉండేసరికి చెల్లెల్ని చూడలేదు. డ్యూటీలో ఉన్న అమ్మాయి కూడా గంట నుంచి రాలేదు, ఆమె అవతల ఇంకో కాన్పులో ఉంది. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించాక బతికింది. ఆ ఆడబిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

కాబట్టి తోడు కూచున్నవాళ్లు చేయాల్సింది ఇది: మొదటి రెండు గంటలు పావుగంటకోసారి దుప్పటి తీసి, నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. సిగ్గు పడొద్దు. అరగంటలో ఒక ప్యాడు పూర్తిగా తడిసిపోయినా, కోడిగుడ్డంత గడ్డలు పడుతున్నా, మనిషి పాలిపోయినా, గుండె దడదడ కొట్టుకుంటున్నా సిస్టర్ని పిలవండి, రాకపోతే మళ్లీ పిలవండి, అరిచినా తప్పు లేదు. మామూలు కాన్పులో అర లీటరు దాటితే ఎక్కువ పోయినట్టే. ఒంట్లో రక్తం ముందే తక్కువున్న పిల్లకు అంతకంటే తక్కువ పోయినా ముప్పే.

'చెడ్డరక్తం పోతేనే మంచిది' అంటారు కదా పెద్దవాళ్లు?

ఈ ఒక్క మాట మన వైపు ఎంతమందిని తీసుకుపోయిందో. కాన్పయ్యాక కొద్దికొద్దిగా మైల పోవడం మామూలే, మొదట ఎర్రగా, తర్వాత గోధుమరంగుగా, తర్వాత తెల్లగా కొన్ని వారాలు పోతుంది. కానీ ఒంట్లో చెడ్డరక్తం, మంచిరక్తం అని రెండు ఉండవు. పోయేదంతా ఆమె గుండె కొట్టే రక్తమే. అత్తమ్మో, పెద్దమ్మో 'పోనీలే, పోతేనే మంచిది' అంటే గొడవ పెట్టుకోకుండా, 'సరే అత్తమ్మా, డాక్టరమ్మతో కూడా ఒకసారి చెప్పిద్దాం' అని బండి పిలవండి.

ఆస్పత్రిలో రక్తం ఆపడానికి ఏం చేస్తారు?

అసలు మందు బిడ్డ పుట్టిన నిమిషంలోనే పడాలి: ఆక్సిటోసిన్ సూది, 10 యూనిట్లు, అది గర్భసంచిని బిగిస్తుంది. అందరికీ ఇవ్వాలి, రిస్క్ ఉన్నవాళ్లకే కాదు. ఈ సూదిమందు ఫ్రిజ్‌లో ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. అనంతపురం ఎండల్లో కరెంటు పోయిన మధ్యాహ్నం బల్ల మీద పెట్టిన మందు ఎంత పని చేస్తుందో ఊహించుకోండి. అప్పటికీ ఆగకపోతే గర్భసంచిని చేత్తో మర్దన చేస్తారు, ఇంకా మందులు, సెలైన్, ట్రనెక్సామిక్ యాసిడ్ సూది ఇస్తారు. ఈ చివరిది కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తేనే ఉపయోగమని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది. అప్పటికీ ఆగకపోతే లోపల బెలూన్ పెట్టి నీళ్లు నింపి ఒత్తిడి పెడతారు. మన పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లో సయేబా అఖ్తర్ అనే డాక్టరు ఖరీదైన బెలూన్ లేక కండోమ్‌ను కాథెటర్‌కు, అంటే సన్నని రబ్బరు గొట్టానికి, కట్టి వాడి చూపించింది, ఇప్పుడు చాలాచోట్ల అదే వాడతారు. చివరికి ఆపరేషన్, గర్భసంచి తీసేయడం.

గర్భసంచి తీసేస్తామంటే సంతకం పెట్టడానికి వాళ్లనీ వీళ్లనీ అడిగి గంట తింటారు చూడండి, అప్పుడు నాకు కోపమొస్తుంది.

రక్తం ఏడే ఉందన్నారు. అంత ప్రమాదమా?

ప్రమాదమే. కడుపుతో ఉన్నవాళ్లకు హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. రక్తహీనత ఒక్కటే నేరుగా చంపడం తక్కువ, కానీ మిగతా అన్నిటికీ తలుపు తీస్తుంది. 12 ఉన్న పిల్ల అర లీటరు పోతే తట్టుకుంటుంది, 6 ఉన్న పిల్లకు అదే అర లీటరుతో గుండె ఆగిపోవచ్చు. పైగా ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటుంది. మన రాష్ట్రంలో కడుపుతో ఉన్నవాళ్లలో సగానికి పైగా, 2019-21 సర్వేలో నూటికి 53 మందికి రక్తహీనత ఉందని తేలింది.

చేయాల్సింది కష్టమేం కాదు. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్ర రోజుకొకటి, కడుపుతో ఉన్నప్పుడు ఆరు నెలలు, కాన్పయ్యాక ఇంకో ఆరు నెలలు. అన్నం తిన్న గంటకు, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. టీ, కాఫీతో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి వద్దు. నాలుగో నెల దాటాక నులిపురుగుల మాత్ర ఒకటి. తిండి మాటకొస్తే మనకు దేవుడిచ్చిన తిండే: రాగి సంగటి, కొర్రన్నం, సజ్జరొట్టె, చెనక్కాయలు, బెల్లం, మునగాకు, గుడ్డు. కానీ ఏడు, ఎనిమిది ఉన్నప్పుడు మునగాకు తింటే చాలు అనుకోవద్దు, ఆ దశలో తిండి చాలదు. నెలలు ఉంటే సూదిలో ఐరన్ ఎక్కిస్తారు, దగ్గర పడితే రక్తమే ఎక్కించాలి.

ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడా? బిడ్డ పెద్దదై ఆపరేషన్ అవుతుందా?

రెండూ కాదు. నల్లగా అయ్యేది విరేచనం మాత్రమే. వికారం, మలబద్ధకం ఉంటే రాత్రి పడుకునేముందు వేసుకోండి, నీళ్లు ఎక్కువ తాగండి. ఆశా వచ్చినప్పుడు డబ్బా ఖాళీగా చూపించడానికి మాత్రలు పెంటకుప్పలో పోసినవాళ్లను నేను చూశాను. ఆశాకు ఏం పోయింది చెప్పండి.

కాళ్ల వాపులు వస్తే బీపీయేనా?

సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి మామూలే. ముఖం ఉబ్బడం, చేతి గాజులు బిగుసుకుపోవడం, ఉంగరం రాకపోవడం అయితే అనుమానించాలి. ఐదో నెల దాటాక బీపీ 140/90 ఉంటే జాగ్రత్త, 160/110 దాటితే ఆ రోజే ఆస్పత్రి. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో కూడా చూడాలి. చిక్కు ఏంటంటే బీపీ నొప్పి పెట్టదు, ఆమె నవ్వుతూ వంట చేస్తుంటుంది. అందుకే ప్రతి చెకప్‌లో చేతికి పట్టీ కట్టి చూశారా లేదా అని మీరే అడగండి, కార్డులో అంకె రాయించుకోండి.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, కుడి పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, ఈ నాలుగింట్లో ఒకటున్నా రేపటిదాకా ఆగొద్దు. ఆగితే వచ్చేదే ఫిట్స్, మనవాళ్లు గుర్రపువాతం అంటారు. గాలి సోకిందనో, దయ్యమనో తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతే ఆ రెండు మూడు గంటల్లో మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ అనే చవక సూదిమందు ఉంది, ముందే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశాన్ని సగానికి తగ్గిస్తుందని 2002లోనే రుజువైంది. ఫిట్స్ వస్తుంటే నోట్లో చెంచా, తాళాలగుత్తి పెట్టొద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇంకొకటి, కాన్పయ్యాక కూడా ఫిట్స్ వస్తాయి. ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో, కొందరికి వారాల తర్వాత. బిడ్డ పుట్టింది కదా బీపీ మాత్ర ఎందుకని మానేయొద్దు.

మా కోడలికి తొలిచూలు, వయసు పదిహేడు. ఏమైనా ఇబ్బందా?

ఇబ్బందే, కోపంగా చెప్తున్నా. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019-21 సర్వే చెప్పింది. ఆ వయసుకు ఒంట్లో రక్తం నిండదు, కటి ఎముక పూర్తిగా ఎదగదు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ. పిల్ల తనకు నొప్పి అని గట్టిగా చెప్పడానికి కూడా భయపడుతుంది. ఇప్పటికే కడుపుతో ఉంది కాబట్టి తిట్టి లాభం లేదు, నెలనెలా చూపించండి, కాన్పు మాత్రం పెద్ద ఆస్పత్రిలోనే పెట్టుకోండి. తర్వాత రెండో బిడ్డకు కనీసం మూడేళ్లు ఆగండి.

మరి ఎవరెవరిని హై రిస్క్ అంటారు?

35 దాటినవాళ్లు, పొట్టివాళ్లు (140 సెంటీమీటర్ల కంటే తక్కువ), ముందు ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు, కవలలు, బీపీ, షుగర్, థైరాయిడ్, గుండెజబ్బు ఉన్నవాళ్లు, బిడ్డ అడ్డంగా ఉన్నవాళ్లు, మాయ కిందికి ఉన్నవాళ్లు, నెగెటివ్ గ్రూపు రక్తం వాళ్లు, పోయిన కాన్పులో ఏదైనా ముప్పు వచ్చినవాళ్లు. నెలనెలా 9వ తారీకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కడుపుతో ఉన్నవాళ్లకు ఉచితంగా డాక్టరు చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది, ఇలాంటివాళ్లను అక్కడే గుర్తిస్తారు. కార్డు మీద ఎర్ర గుర్తు వేశారని ఏడుస్తూ ఫోన్ చేస్తారు కొందరు. ఏడవాల్సింది ఎర్ర గుర్తు వేయనందుకు.

ఆపరేషన్ అయితేనే సేఫ్ కదా, ముహూర్తం చూసి చేయించుకోవచ్చు కదా?

అవసరమున్న ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేనిది తల్లికి రక్తం ఎక్కువ పోయేలా చేస్తుంది, ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, అన్నిటికీ అవకాశం పెంచుతుంది. అసలు దెబ్బ తర్వాతి కాన్పులో కనపడుతుంది: మాయ పాత కోత మీద అతుక్కుని లోపలికి పాతుకుపోతే అది ఊడదు, లాగితే రక్తం ఆగదు. 2019-21 సర్వే నాటికి మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. ముహూర్తం కోసం కోయించుకునేవాళ్లకు ఇంకేం చెప్పను.

నొప్పులు మొదలై రోజు దాటింది. ఊర్లో ఆర్‌ఎంపీ నొప్పుల సూది వేస్తానంటున్నాడు?

వేయించుకోవద్దు. పైన చెప్పిన ఆక్సిటోసినే అది, బిడ్డ పుట్టాక ప్రాణం కాపాడే మందు, బిడ్డ పుట్టకముందు కొలత లేకుండా వేస్తే గర్భసంచి పగిలిపోయే మందు. ముందు ఆపరేషన్ అయినవాళ్లకు మరీను. బిడ్డ దారిలో ఇరుక్కుంటే సూదితో తోసినా రాదు. తొలిచూలుకు 12 గంటలు దాటినా ముందుకు పోవడం లేదంటే బండెక్కించండి. ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా అంతే.

కాన్పు తర్వాత జ్వరం పాలు పడటం వల్లే అంటారు?

రొమ్ములు గట్టిపడి ఒకరోజు ఒళ్లు వెచ్చబడటం ఉంది, కాదనను. కానీ 100.4 డిగ్రీలు దాటి చలితో జ్వరం, పొత్తికడుపు నొప్పి, వాసన వచ్చే మైల, కుట్ల దగ్గర చీము, ఇవి బాలింత జ్వరం. దీంతో పోయేవాళ్లలో చాలామంది ఇంటికొచ్చాకే పోతారు. 1847లోనే వియన్నాలో సెమ్మెల్వెయిస్ అనే డాక్టరు చేతులు కడుక్కుంటే చాలు ఈ జ్వరం తగ్గుతుందని చూపిస్తే తోటి డాక్టర్లు నమ్మలేదు. ఇప్పుడు డాక్టర్లు నమ్ముతున్నారు, చూడటానికి వచ్చే చుట్టాలే నమ్మడం లేదు.

బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలా?

వద్దు, వద్దు. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని, కుట్లు చీము పడతాయని రోజుకు రెండు గ్లాసులతో ఆపేస్తారు, మన ఎండాకాలంలో. మూత్రం ఇన్ఫెక్షన్ వస్తుంది, రక్తం చిక్కబడి కాళ్లలో గడ్డకడుతుంది. ఆపరేషన్ అయినవాళ్లను మంచం దిగనివ్వకపోవడం కూడా దానికి తోడు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడుతుంటే, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తికి చేరిందేమో అనుకుని పరుగెత్తాలి. చెవుల్లో దూది పెట్టుకుంటే పెట్టుకోండి, దానివల్ల ఎవరూ చావరు.

రెండు నెలలు తప్పింది, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకోవచ్చా?

స్కానింగ్ లేకుండా వద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రకు పోదు, మీరు పోయిందనుకుంటారు, వారానికో రెండు వారాలకో ట్యూబు పగిలి కడుపులోపలే రక్తం నిండుతుంది. నెలలు ఎక్కువైతే సగం పోయి సగం నిలిచిపోతుంది. గర్భం తీయించుకోవడం 1971 చట్టం ప్రకారం మన దేశంలో చట్టబద్ధమే, అర్హత ఉన్న డాక్టరు దగ్గర, రహస్యంగానే ఉంచుతారు. పెళ్లికాని పిల్ల అయినా సరే. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషి తన సంతకం తాను పెడితే చాలు, మొగుడి సంతకం అక్కర్లేదు.

మేనరికం వల్ల తల్లికి ప్రమాదమా?

దానివల్ల భయం ఎక్కువగా బిడ్డకు, తల్లి ప్రాణానికి నేరుగా కాదు.

కాన్పుకు పుట్టింటికి పంపుతున్నాం. ఏం జాగ్రత్త?

మంచి ప్రశ్న, దీన్నెవరూ అడగరు. అత్తగారి ఊరు పత్తికొండ, పుట్టిల్లు కదిరి అనుకోండి. చూసినవన్నీ పత్తికొండ కార్డులో ఉంటాయి, ఆ కార్డు బీరువాలో ఉంటుంది, పిల్ల కదిరిలో ఉంటుంది. రాత్రి రెండింటికి నొప్పులొస్తే అక్కడి డాక్టరుకు ఆమె బ్లడ్ గ్రూపు కూడా తెలియదు. కార్డు, స్కానింగులు, రిపోర్టులు అన్నీ ఒక సంచిలో వేసి సంచి ఆమె చేతికివ్వండి, ఫోటోలు తీసి ఆమె ఫోనులో పెట్టండి. వెళ్లిన రోజే అక్కడి ఆశాకు చెప్పండి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వలస పోయేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఏడో నెల పిల్లను వెంట తీసుకుపోతే రెండు మూడు నెలలు ఆమెకు బీపీ చూసేవాళ్లే ఉండరు.

ఏ ఆస్పత్రికి వెళ్లాలి?

రిస్క్ ఏమీ లేకపోతే దగ్గర్లో రాత్రి కూడా డాక్టరు ఉండే ఆస్పత్రి చాలు. రిస్క్ ఉంటే రక్తనిధి, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు మూడూ ఉన్నచోటికి ముందే వెళ్లండి: కర్నూలు, అనంతపురం సర్వజన ఆస్పత్రులు, కడప రిమ్స్ లాంటివి. అనంతపురం, ధర్మవరం వైపువాళ్లు బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రికి కూడా వెళ్తారు. ఆదోని నుంచి కర్నూలు దాదాపు వంద కిలోమీటర్లు. రక్తం పోతున్న మనిషికి ఆ రెండు గంటలే ఆయుష్షు అని పైన చెప్పాను కదా, లెక్క మీరే వేసుకోండి. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం, రవాణా అన్నీ 2011 నుంచి ఉచితమే. ఎవరైనా డబ్బడిగితే అది పథకం కాదు.

పెద్దాస్పత్రికి రాస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఎందుకు పంపుతున్నారు, దారిలో ఏ మందు ఇచ్చారు, అవతల ఫోన్ చేసి చెప్పారా. కాగితం మీద రాయించుకోండి.

రక్తం ఎవరిస్తారు?

ఏడో నెలలోనే ఆమె గ్రూపు వాళ్లను ఇద్దరిని చూసి పెట్టుకోండి. నెగెటివ్ గ్రూపు అయితే నలుగురిని, మన దేశంలో వాళ్లు నూటికి ఐదుగురికి అటూ ఇటూ. వరండాలో పదిమంది మగవాళ్లు నిలబడి ఉంటారు, రక్తం అనగానే ఒకడికి షుగర్, ఒకడికి నీరసం, ఇంకొకడికి బండి ఎక్కడో పెట్టాడు. ఇచ్చేది 350 మిల్లీలీటర్లు, ఆ నీళ్లభాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది.

బిడ్డ పుట్టాక ఏడుస్తూ ఉంటోంది, బిడ్డను చూడటం లేదు. ఇది కూడా జబ్బేనా?

మొదటి వారంలో ఏడుపు చాలామందికి వచ్చి పోతుంది. రెండు వారాలు దాటినా నిద్ర లేక, తిండి లేక, చచ్చిపోవాలనిపిస్తోంది అంటే జబ్బే. బాలింత ఆత్మహత్య కూడా ప్రసూతి మరణమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఒంటరిగా వదలొద్దు, 'ఆడపిల్ల పుట్టిందని ఏడుస్తోంది' అని ఎగతాళి చేయొద్దు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

తల్లి చనిపోతే ఎవరినైనా అడగొచ్చా?

అడగొచ్చు. ప్రతి ప్రసూతి మరణాన్నీ జిల్లాలో సమీక్షించాలి, ఇంటికొచ్చి కుటుంబాన్ని కూడా అడుగుతారు. ఏ గంటకు నొప్పులు మొదలయ్యాయి, బండి ఎప్పుడొచ్చింది, ఎక్కడ ఎంతసేపు ఆపారు అని. అప్పుడు భయపడి 'అంతా బాగానే చూశారు సార్' అనేస్తారు చాలామంది. గంటలు రాసి పెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పండి. దోషిని పట్టుకోవడం కోసం కాదు ఆ సమీక్ష, తర్వాత వచ్చే పిల్ల ఎక్కడ ఆగిపోకూడదో తెలియడం కోసం.

ఇంటికి తెచ్చాక ఎన్ని రోజులు చూసుకోవాలి?

ప్రభుత్వ ఆస్పత్రి అయితే 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండిలో దింపుతారు. దిగిన రోజునుంచి లెక్క పెట్టకండి, కాన్పయిన రోజునుంచి 42 లెక్క పెట్టండి. క్యాలెండర్లో ఆ తారీకు చుట్టూ గీత గీసి, కింద 108 అని రాసి, ఉయ్యాల కట్టిన గదిలో కాదు, ఆమె పడుకునే గదిలో తగిలించండి.